నాలుగింటికి నాలుగు గడులు

బొమ్మలాయన బల్ల మీద నాలుగు గడుల బొమ్మ సిద్ధంగా ఉంది. మొగుడున్నాడు, పెళ్లాముంది, వెనక కిటికీ ఉంది, కిటికీకి పరదా కూడా ఉంది. లేనిదల్లా మాటలే. ఇద్దరి తలల మీదా కలిపి ఎనిమిది మాటల బుడగలు తెల్లగా, ఖాళీగా ఆయన్నే చూస్తున్నాయి.

టైము పన్నెండున్నర. బొమ్మ పత్రికకు చేరాల్సింది నాలుగింటికి.

ఫోను మోగింది. సంపాదకుడు. ఆఫీసులో అందరూ ఆయన్ని గడియారం గారంటారు, ఆయన ముందు తప్ప.

"ఏమండీ, నాలుగు రోజుల నుంచి చూస్తున్నాను. సోమవారం జోకు మూడేళ్ల క్రితం మీరు వేసిందే. మంగళవారంది చదివి మా ప్రూఫులు దిద్దే ఆవిడ నన్ను ఓదార్చింది. నిన్నటిది జోకో సంతాప ప్రకటనో నాకే తెలియలేదు."

"కొంచెం ఒంట్లో నలతగా ఉండి..."

"నలతగా ఉంటే పడుకోండి. పధ్నాలుగేళ్లు వేశారు, చాలు. ఇవాళ నాలుగింటికి నేను నవ్వే బొమ్మ రాకపోతే రేపటి నుంచి ఆ జాగాలో సుడోకు వేస్తాను. అంకెలకి ఏ నలతా ఉండదు."

గడియారం గారు నవ్వగా చూసినవాళ్లు ఆఫీసులో ఎవరూ లేరు.

అసలు సంగతేమిటంటే, ఈ పధ్నాలుగేళ్లూ ఆయనవి బొమ్మలే. మాటలన్నీ ఇల్లాలివి. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా బొమ్మలు గీసి, బుడగలు ఖాళీగా వదిలేసేవాడు. అక్కడి నుంచి పని చెవులది. పొద్దున్నే పేపరు పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడితే చాలు, పది నిమిషాల్లో ఆవిడ ఏదో ఒకటి అనేది. "మీరు సాయం చెయ్యకండి, ఇవాళ నాకంత తీరిక లేదు" అనేది. "మర్చిపోవడంలో మీకున్న శ్రద్ధ ఇంకెందులోనైనా ఉంటే ఎంత బాగుండేదో!" అనేది. ఆయన పిల్లిలా బల్ల దగ్గరికి నడిచి, వేడి చల్లారకముందే బుడగలో రాసేసేవాడు.

వీధిలో ఎవరైనా ఆపి "ఏం చమత్కారమండీ మీది!" అంటే, "ఏదో, అలా వచ్చేస్తుందండీ" అని సిగ్గుపడేవాడు. ఎక్కణ్ణుంచి వస్తుందో మాత్రం చెప్పేవాడు కాదు.

పోయిన వారం వచ్చినదే కొంప ముంచింది. "మీ అక్కయ్యగారు మనింటికి చుట్టపుచూపుగా రారు, తనిఖీకి వస్తారు" అని ఇల్లాలు అనడం, ఈయన దాన్ని మూడో గడిలో ఎక్కించడం, ఊరు నవ్వడం, అక్కయ్య ఏడవడం, అన్నీ ఒక్కరోజులో అయిపోయాయి. అక్కయ్య ఫోన్ చేసి అగ్గి మీద గుగ్గిలమైతే ఈయన వణికిపోయాడు.

"ఆ మాట నాది కాదక్కయ్యా, ఒట్టు! నీ మరదలిదే!" అనేశాడు.

ఆ మరదలు పక్కనే నిలబడి వింది.

"ఊరు నవ్వితే మీ జోకు, మీ అక్కయ్య ఏడిస్తే నా మాటా?" అంది. "సరే. ఇకమీదట నా మాటలతో మీకు ఏ ఇబ్బందీ ఉండదు."

అన్నట్టే చేసింది. అలగలేదు, వంట మానలేదు, తలుపులు దబదబా వెయ్యలేదు. ఏమడిగినా "అలాగే" అనేది, లేకపోతే "సరే" అనేది, మరీ నొక్కి అడిగితే "మీ ఇష్టం" అనేది. అయిదు రోజులుగా ఆ మూడు తప్ప నాలుగో మాట లేదు. కోపంగా అన్నా బాగుండేది, ఎంతో మర్యాదగా అనేది. బొమ్మలాయనకి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక ఒకటే దారి. తిట్టించుకోవాలి. మంచి తిట్టు ఒక్కటి పడితే నాలుగు గడులూ నిండుతాయి.

స్నానం చేసి వచ్చి, తడి తువ్వాలు ఉతికిన దుప్పటి మీద శ్రద్ధగా పరిచాడు. ఆ ఇంట్లో ఆ నేరానికి క్షమాపణ లేదు. ఇల్లాలు వచ్చి చూసింది.

"తడి తువ్వాలు మంచం మీదే వేశాను, చూశావా?" అన్నాడు ఆశగా.

"సరే" అంది. తువ్వాలు తీసి తీగ మీద ఆరేసింది.

భోజనానికి కూర్చున్నాడు. "కూరలో ఉప్పు లేదు" అన్నాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. ఆవిడ ఉప్పు డబ్బా తెచ్చి పక్కన పెట్టి ఎదురుగా నిలబడింది. లేదన్నవాడు వేసుకోక తప్పదు కదా. రెండు చెంచాలు కలుపుకుని, కళ్లు తుడుచుకుంటూ కడదాకా తిన్నాడు.

ఒంటిగంటన్నర అయింది. ఇక పెద్ద ఆయుధమే తియ్యాలనుకున్నాడు. ఇల్లాలికి వినబడేలా అక్కయ్యకి ఫోన్ చేశాడు.

"అక్కయ్యా, పాత సంగతులు మర్చిపో. ఓ పది రోజులు వచ్చి ఉండు!"

"పది రోజులేమిట్రా? తనిఖీ అన్నాక నెలైనా పట్టదూ?" అంది అక్కయ్య. "రేపే బయల్దేరుతున్నాను."

ఫోన్ పెట్టేసి ఇల్లాలి వైపు తిరిగాడు. "అక్కయ్యని నెల రోజులు రమ్మన్నాను!" అన్నాడు. గొంతు వణికింది, అది మాత్రం నటన కాదు.

"అలాగే" అంది ఇల్లాలు.

రెండయింది. వంటింటి కుళాయి నెల నుంచి కారుతోంది. ఈయన చేతిలో పానా కనిపిస్తే చాలు, ఆవిడ ఇల్లెగిరిపోయేలా అరిచేది. అంచేత పానా భుజాన వేసుకుని ఆవిడ కళ్లముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచాడు.

"కుళాయి బాగుచేస్తున్నాను" అని ప్రకటించాడు.

ఆవిడ చూపు పానా మీద ఆగింది. పెదవులు కదిలాయి. బొమ్మలాయన ఊపిరి బిగబట్టాడు.

"మీ ఇష్టం" అంది.

ఆ ఉక్రోషంలో పానా బలంగా తిప్పాడు. కుళాయి ఊడి చేతికొచ్చింది. గోడలోంచి నీళ్లు ఆయన ముఖానికి తగిలి, అక్కణ్ణుంచి గిన్నెల అలమరలోకి వెళ్లాయి. ఆయన కేకపెట్టి గొట్టంలో బొటనవేలు దూర్చాడు.

"ఏమే! పైకెళ్లి ట్యాంకు వాల్వు కట్టెయ్యి!"

ఆవిడ వెళ్లి వచ్చింది. "వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ప్లంబరుకి ఫోన్ చేశాను, గంట పడుతుందట." ఆ వారంలో ఆవిడ అన్న అతి పెద్ద మాట అదే. అందులో నవ్వడానికేమీ లేదు.

వేలు పక్కనుంచి కారే నీళ్లు గుమ్మం దాటి ముందుగదిలోకి, ఆయన బొమ్మలు గీసుకునే పొట్టి బల్ల వైపు నడుస్తున్నాయి.

"బొమ్మ తడిసిపోతుందే! తీసి లోపల పెట్టు!"

"అలాగే." బొమ్మా, కలమూ తీసుకుని ఆవిడ లోపలి గదిలోకి వెళ్లింది.

రెండూ ముప్పావయింది. మూడయింది. వేలు తిమ్మిరెక్కింది. గొట్టానికి అతుక్కుపోయిన మనిషికి ఆలోచించడం తప్ప ఏం పని? రేపు పేపరు తెరిస్తే అక్కడ అంకెలుంటాయి. వీధిలో ఇంకెవరూ ఆపరు. ఆపినా, ఈ చమత్కారం తనది కాదని ఆయన ఒక్కడికే తెలుసు. పధ్నాలుగేళ్లుగా దాచుకున్న భయం ఒక్కసారిగా బయటికి వచ్చేసింది.

"ఏదో ఒకటి అనవే!" అని అరిచాడు లోపలి గది వైపు. "నాకు సొంతంగా ఒక్క జోకు కూడా రాదు!"

ఎవరినో రెచ్చగొట్టడానికి అన్నది కాదు. నిజమే అనేశాడు. అన్నాక ఆయనకే ఏడుపొచ్చినంత పనయింది.

మూడున్నర దాటాక ప్లంబరు వచ్చాడు. "దీన్ని ఎవరు విప్పారండీ?" అన్నాడు.

"దానంతటదే ఊడింది" అన్నాడు బొమ్మలాయన.

ప్లంబరు నేల మీదున్న పానా వైపు చూసి, పెద్దమనిషి గనక ఊరుకున్నాడు.

నాలుగుకి అయిదు నిమిషాలు. బట్టల్లోంచి నీళ్లు కారుతుండగానే బొమ్మలాయన లోపలి గదిలోకి పరిగెత్తాడు.

"బొమ్మేదీ?"

"ఫొటో తీసి పంపేశాను" అంది ఇల్లాలు.

"బుడగలు ఖాళీగా ఉన్నాయే! నా కొంప కూల్చావు!"

అంతలో ఫోను మోగింది. తీశాడు. అవతల ఎవరో దగ్గుతున్నారు. కాసేపటికి తెలిసింది, అది దగ్గు కాదు. గడియారం గారు నవ్వుతున్నారు. అలవాటు లేకపోవడం వల్ల అలా వినిపిస్తోంది.

"ఏమండీ, ఏం బొమ్మండీ! 'తడి తువ్వాలు మంచం మీదే వేశాను, చూశావా?' అంటాడు. ఆవిడ 'సరే' అంటుంది. 'కూరలో ఉప్పు లేదు' అంటాడు. ఆవిడ 'సరే' అంటుంది. 'అక్కయ్యని నెల రోజులు రమ్మన్నాను!' అంటాడు, ఏడుపు ముఖం పెట్టుకుని. 'అలాగే' అంటుంది. ఇక నాలుగో గడి..." మళ్లీ దగ్గు. "'ఏదో ఒకటి అనవే, నాకు సొంతంగా ఒక్క జోకు కూడా రాదు!' అంటాడు. ఆవిడ 'మీ ఇష్టం' అంటుంది! ఇన్నేళ్లూ మీ బొమ్మలో ఆవిడ మాటలు భేషుగ్గా ఉండేవి, మొగుడివి అతికించినట్టుండేవి. ఇవాళ మొదటిసారి వాడికి ప్రాణం వచ్చింది. ఎవర్ని చూసి రాశారండీ?"

మధ్యాహ్నం నుంచి తను అన్న మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా రేపు ఊరంతా చదువుతుంది.

"ఇంకో సంగతి. మీ సంతకం పక్కన ఇంకో సంతకం ఉంది. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

ఆయన తలెత్తి చూశాడు. అయిదు రోజుల తర్వాత ఆవిడ ఆయన కళ్లలోకి సూటిగా చూస్తోంది. నవ్వడం లేదు. ఆవిడ పిడికిట్లో కలం బిగిసి ఉంది.

"ఉంచండి" అన్నాడు. "మాటలు నావేనండీ. జోకు మాత్రం ఆవిడది. ఇన్నేళ్లూ కూడా ఆవిడదే."

"నాకా సంగతి పదేళ్ల క్రితమే అనుమానం వచ్చింది" అని గడియారం గారు ఫోన్ పెట్టేశారు.

ఇల్లాలు చీరకొంగుతో ఆయన తల తుడిచింది. తర్వాత వెళ్లి బక్కెట్టూ, తుడుపుగుడ్డా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"వంటిల్లంతా చెరువైంది, తుడవండి" అంది. గుమ్మం దగ్గర పీట వేసుకుని, ఒళ్లో తెల్లకాగితం పరుచుకుని కూర్చుంది. "తుడుస్తూ మీరేమంటారో, అది రేపటి బొమ్మకి కావాలి."

బొమ్మలాయన వంగాడు. నడుం పట్టేసింది, మోకాలు గడపకి కొట్టుకుంది. అయినా కనీసం "అబ్బా" అని కూడా అనకుండా, పళ్లు బిగించి, వంటిల్లు మొత్తం తుడిచాడు.