సమస్య తీరినట్టు సంతకం

ప్రజాస్వామ్యంలో ఎవరైనా ఎన్నికల్లో నిలబడవచ్చు. ఎవరు నిలబడకూడదో మాత్రం ఫారం నింపాకే తెలుస్తుంది.

మన దర్జీకి ఆ సంగతి తెలియదు, పాపం. అతని దుకాణం ముందున్న మురుగుకాలువ పూడిపోయి ఏడేళ్లయింది. చినుకు పడితే చాలు, నీళ్లు గడప దాటి వచ్చి కుట్టుమిషను కింద కూర్చుంటాయి. రెండుసార్లు పెళ్లిబట్టలు పాడయ్యాయి. వార్డు ఆఫీసులో ఫిర్యాదు ఇస్తే వార్డు సభ్యుడు "చూద్దాం" అన్నాడు (మాట తప్పలేదు, ఏడేళ్లుగా చూస్తూనే ఉన్నాడు). దర్జీకి ఒళ్లు మండి తానే పోటీకి దిగాడు.

"హాయిగా కాజాలు కుట్టుకోక మనకెందుకండీ ఇదంతా?" అంది భార్య.

వార్డు ఆఫీసులోని ఎన్నికల గుమాస్తా ఫారాన్ని చివరినుంచి మొదటికి చదివాడు (అనుభవజ్ఞులు అలాగే చదువుతారు).

"దర్జీ గారూ, పదిహేడో నిబంధన. వార్డు ఆఫీసుతో తగాదా ఉన్నవారు పోటీ చేయరాదు. మీ ఫిర్యాదు ఒకటి ఉంది."

"అది తగాదా ఎలా అవుతుందండీ? కాలువ బాగు చేయమన్నాను, అంతే."

"చేశారా?"

"లేదు."

"మరింకేం, తగాదా ఉన్నట్టే." గుమాస్తా ఇంకో కాగితం తీశాడు. "ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. కారణం కింద ఒకటే గడి ఉంది, 'సమస్య తీరినది' అని. మూడింటికి గడువైపోతుంది."

గడియారంలో రెండూ నలభై అయింది. పదిసార్లు కొలిచిగాని గుడ్డమీద కత్తెర పెట్టని మనిషి, గెలిస్తే నేనే బాగుచేయిస్తాగా అనుకుని సంతకం గీకేశాడు.

ఎన్నికల గుర్తుగా కత్తెర అడిగితే ఇవ్వలేదు (పని తెలిసినవాడని ఓటర్లు పొరబడతారట). నిచ్చెన ఇచ్చారు.

మూడోనాటికల్లా సభ్యుడి కరపత్రం ఇంటింటికీ చేరింది. "కాలువ సమస్య తీరింది. నమ్మకపోతే మా ప్రత్యర్థి సంతకమే చూడండి." కింద దర్జీ సంతకం అచ్చయి ఉంది. దర్జీ గుమ్మం గుమ్మం ఎక్కి మొత్తుకున్నాడు. చెప్పులు చేత పట్టుకుని, నీళ్లలో నిలబడే విన్నారు జనం.

"అదంతా సరేనయ్యా, సంతకం నీదే కదా?" అన్నారు.

దర్జీ ఓడిపోయాడు. మర్నాడే మళ్లీ ఫిర్యాదు రాసుకెళ్తే గుమాస్తా అది ముట్టుకోలేదు. తీరిన సమస్యమీద ఫిర్యాదు చేస్తే తప్పుడు సమాచారం కిందికి వస్తుందట.

తిరిగి వచ్చేసరికి గెలిచిన సభ్యుడు నీళ్లు నిండిన దుకాణంలో బల్లమీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. ఒళ్లో గెలుపు ఊరేగింపు బట్టలకు తెచ్చిన తెల్లగుడ్డ ఉంది. దర్జీ మెడలోని టేపు తీశాడు.

"ప్యాంటు మాత్రం కాస్త పొట్టిగా కుట్టండి," అన్నాడు సభ్యుడు. "ఊరేగింపు మీ వీధిలోంచే రావాలి."