నారాయణగూడలో పొంగిన పాలు

ఆ సోమవారం పొద్దున బాలకిషన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక ట్రంకుపెట్టె, రెండు కంచాలు, ఒక చాప రిక్షాలో వేసుకుని అశోక్‌నగర్ నుంచి నారాయణగూడలో ఉన్న అక్క ఇంటికి పోవాలి. అక్కడే ఎన్నాళ్ల నుంచో కాపురం ఉంటున్నట్టు కనపడాలి. సాయంత్రానికి తిరిగొచ్చి తన మంచం మీద తాను పడుకోవాలి. మొన్న జనవరి ఆఖరున రిటైరైన కేంద్ర ప్రభుత్వ హెడ్ క్లర్కుకు ఇంతకన్నా పెద్ద సాహసాలు చేసే అలవాటు లేదు.

సంగతేమిటంటే, నౌకరీ ఉన్నన్నాళ్లు ఆయన సర్కారు వైద్య కార్డు నారాయణగూడ డిస్పెన్సరీ మీదే నడిచింది. ఒకప్పుడు వాళ్లు ఆ పేటలోనే కిరాయికి ఉండేవాళ్లు. తర్వాత అశోక్‌నగర్‌కు మారినా కార్డు మారలేదు, ఎవరూ అడగలేదు. ఇప్పుడు రిటైర్ కాగానే ఆ కార్డు చెల్లకుండా పోయింది. పెన్షనర్ కార్డు కొత్తగా తీసుకోవాలి, ఏ పేటలో ఉంటే ఆ పేట డిస్పెన్సరీలోనే చూపించుకోవాలి. అశోక్‌నగర్ డిస్పెన్సరీకి పర్మనెంటు డాక్టరే లేడు. ఒక వారం ఒకరొస్తే ఇంకో వారం ఇంకొకరు.

తనకైతే ఎవరైనా ఒకటే అనుకునేవాడు. కానీ భార్య రాజకుమారికి ఆయాసం. ఎందరి దగ్గరో తిరిగి తిరిగి, చివరికి నారాయణగూడ డాక్టరమ్మ అంబిక చేతి మందుతో ఆమె ఊపిరి దారికొచ్చింది. మధ్యలో ఒకసారి ఎవరో కొత్త డాక్టరు మందు మారిస్తే ఆమె పెదవులు నీలంగా తిరగడం బాలకిషన్ కళ్లారా చూశాడు. అప్పుడు పట్టుకున్న భయం ఆయన్ను ఇప్పటికీ వదల్లేదు. ఈ డాక్టరమ్మ చెయ్యి జారిపోతే రాజకుమారి తనకు దక్కదని ఆయన గట్టిగా నమ్మాడు. అందుకే దరఖాస్తులో అక్క ఇంటి చిరునామా రాసి వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆడిన మొదటి పెద్ద అబద్ధం అదే.

"రాసుడు కాదు సార్, నేనొచ్చి చూసినంకనే కార్డు. సోమారం వస్త," అన్నాడు విచారణ చేసే గుమాస్తా తిమ్మప్ప.

రిక్షా కోసం బయటికి పోబోతుంటే రాజకుమారి ఆపింది.

"మంచం లేకుంట కాపురమంటే నమ్ముతడా ఆయన?"

నిజమే కదా అనిపించింది. మంచం చేరింది. మంచమున్న ఇంట్లో స్టవ్వు లేకపోతే అనుమానం రాదా? స్టవ్వు చేరింది. ఇంత సామాను రిక్షాలో పట్టదని తోపుడు బండి మాసయ్యను పిలిచారు. బండి ఎట్లాగూ వచ్చింది కదా అని బీరువా కూడా ఎక్కింది. పరేషాన్ కావడంలో బాలకిషన్ ఏనాడూ సెలవు పెట్టిన మనిషి కాదు. తాడు బిగిస్తుండగా ఆయనకు ఇంకోటి గుర్తొచ్చింది.

"అరే, దేవుని పటాలు! పటాలు లేని ఇల్లు ఇల్లెట్లయితది? మొదలు గవ్వే చూస్తడు వాడు!"

రాజకుమారి పటాలను కొత్త జాకెట్టు గుడ్డలో చుట్టి చేతుల్లో పట్టుకుంది. ఆఖరికి బాలకిషన్ గోడకున్న తన పేరు బోర్డు కూడా ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు.

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు కమలవ్వ అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూ ఉంది.

"ఏంది బిడ్డా, దేవుండ్లు గూడ పోతున్నరు?"

అసలు సంగతి చెబితే వాడకట్టంతా పాకుతుంది, తిమ్మప్ప చెవిన పడుతుంది. "ఏం లేదవ్వా, నాలుగు రోజులే. తాళంచెవి నీ దగ్గర్నే ఉండనియ్యి," అని బాలకిషన్ నేలచూపులు చూశాడు. అసలే మాఘమాసం, ఇల్లు మారేవాళ్లు మంచిరోజు చూసుకునే కాలం. కమలవ్వ ఇంకేమీ అడగలేదు.

చిక్కడపల్లి మార్కెట్ దగ్గర తెలిసినవాళ్లందరూ ఆ పొద్దే కూరగాయలకు వచ్చినట్టున్నారు. "ఇల్లు మారుతున్నరా?" అని ఒకరడిగితే రిపేరన్నాడు. ఇంకొకరడిగితే సున్నాలన్నాడు. మూడో ఆయన అడగకముందే బండి వెనక దాక్కున్నాడు.

నారాయణగూడలో అక్క యశోదమ్మ వాకిట్లోనే నిలబడిపోయింది. "ఒక్క పెట్టె తెస్తనంటివి గదరా తమ్మీ! గీ బీరువా ఏంది?"

అప్పటికే లోపల రాజకుమారి స్టవ్వు ముట్టించింది. ఏ ఇంటికైనా దేవుళ్లను తెచ్చాక పాలు పొంగించకుండా పటాలు గూట్లో పెట్టడం ఆమె వల్ల కాదు. "అబద్ధపు కాపురానికి గూడ పాలేందే?" అని బాలకిషన్ గింజుకున్నాడు. "అబద్ధం మీది. దేవుండ్లు నిజమైనోళ్లే గద!" అందామె. పాలు గిన్నె అంచు దాటి బుసబుసా పొంగాయి. సామాను దింపుతున్న మాసయ్యకు కూడా గ్లాసెడు దక్కాయి. యశోదమ్మకు మాత్రం భయం పట్టుకుంది. పాలు పొంగించినవాళ్లు సాయంత్రానికి పోతారంటే ఎవరు నమ్ముతారు?

అక్క మొగుడు రాఘవేందర్ బజారు నుంచి వచ్చేసరికి గేటు మీద ఆయన పేరు లేదు. దాని మీద బాలకిషన్ బోర్డు వేలాడుతోంది.

"నా ఇంటి మీద నీ పేరేందిరా?"

"గుస్స చెయ్యకు బావా, గా తిమ్మప్ప వచ్చిపోయేదాక."

అప్పటికే ఎదురింటామె వచ్చి, "ఇల్లు మీ తమ్మునికి అమ్మిండ్రట గద? ఒక్క మాటన్న చెప్పకపోతిరి!" అని యశోదమ్మను నిలదీసి పోయింది. ఆ రోజు మొదలు రాఘవేందర్ బాలకిషన్‌తో మాట్లాడటం మానేశాడు. ఏదైనా చెప్పాలంటే గోడ గడియారం వైపు చూస్తూ చెప్పేవాడు.

సోమవారం తిమ్మప్ప రాలేదు, మంగళవారమూ రాలేదు. తాము ఇటు పోగానే అతను అటు వస్తాడేమోనని బాలకిషన్ గేటు వదల్లేదు. స్కూటరు చప్పుడైతే చాలు, మంచం మీదికి ఉరికి, ముప్పై ఏళ్ల నుంచి అక్కడే పడుకున్నవాడిలా పేపరు పట్టుకునేవాడు. లోపల రాజకుమారి మందుబిళ్లలు అయిపోవస్తున్నాయి. పొద్దుగూకితే యశోదమ్మ సాంబ్రాణి వేసేది. రోజురోజుకూ ఆ పొగ ఎక్కువవుతున్నట్టు బాలకిషన్‌కు అనుమానం. రాజకుమారి ఎగశ్వాస వింటుంటే ఆయనకు తన ఊపిరే ఆగినట్టుండేది. 'దాన్ని బతికించుకుందామని తెచ్చి పొగల పెట్టిన గద!' అని లోపల్లోపల ఏడ్చాడు.

శుక్రవారం తిమ్మప్ప వచ్చాడు. స్కూటరు దిగలేదు. గేటు మీద బోర్డు చదివి, కాగితం మీద సంతకం గీకాడు.

"జర లోపటికి రాండ్రి సార్! మంచం చూడుండ్రి, బీరువా చూడుండ్రి! దేవుని పటాలన్న చూడుండ్రి!" బాలకిషన్ బతిమాలాడు.

"నాకెందుకు సార్? బోర్డు ఉన్నది గద," అని తిమ్మప్ప వెళ్లిపోయాడు.

మర్నాడు కార్డు చేతికి రాగానే రాజకుమారిని తీసుకుని డిస్పెన్సరీకి ఉరికాడు. డాక్టరమ్మ కుర్చీ ఖాళీగా ఉంది.

"అంబిక మేడమా? నిన్ననే రిలీవ్ అయిండ్రు," అన్నాడు కాంపౌండరు. "అశోక్‌నగర్‌కు పర్మనెంటు డాక్టర్‌గ వేసిండ్రు. పాపం, గక్కడోళ్లు ఎన్నాళ్ల సంది అడుగుతుండెనో!"

బాలకిషన్ చేతిలో కార్డు కొత్తగా, కరకరలాడుతూ ఉంది. నారాయణగూడలో తప్ప ఇంకెక్కడా అది నడవదు. పక్కన రాజకుమారికి మాట రావడం లేదు, పిల్లికూతలే వస్తున్నాయి.

"కార్డు గిర్డు పక్కకు పెట్టు, కాళ్లు పట్టుకునైనా అడుగుత," అని ఆమెను ఆటోలో ఎక్కించి అశోక్‌నగర్‌కు తెచ్చాడు. అక్కడి డిస్పెన్సరీ మధ్యాహ్నానికే మూసేశారు. ముందు ఇంట్లో పడుకోబెడదామని ఇంటికి చేర్చాడు. తాళంచెవి ఇమ్మని కమలవ్వను అడగబోయి తల ఎత్తి చూస్తే, పైన తన గుమ్మానికి ఎవరిదో కొత్త పరదా ఊగుతోంది.

"మా ఇంట్ల ఎవరున్నరవ్వా?"

"కిరాయికిచ్చిన బిడ్డా. దేవుండ్లు వోయినంక ఇంట్ల ఏముంటది? నాలుగు రోజులంటే సిగ్గువడి అన్నవనుకున్న. నారాయణగూడల పాలు గూడ పొంగిచ్చిండ్రని మాసయ్య చెప్పె. నీ మిగిలిన సామాను పైలంగ డాబా మీది రేకుల అర్రల పెట్టిపిచ్చిన."

బాలకిషన్ మెట్ల వైపు తిరిగాడు. ఈలోపు రాజకుమారి మెట్టు మీద కూలబడిపోయింది. "అయ్యో, ఎవరన్న రాండ్రి!" అని ఆయన పెట్టిన కేకకు పైన పరదా తొలిగింది. చేతిలో అన్నం గరిటెతో కొత్త కిరాయిదారు తొంగి చూసి, గరిటె అక్కడే పడేసి గబగబా కిందికి దిగింది.

"రాజకుమారమ్మా! మీరేంది గిక్కడ?"

డాక్టరమ్మ అంబిక!

ఆమె కార్డు అడగలేదు, ఏ పేట అని అడగలేదు. పైకి పట్టుకుపోయి, సూది వేసి, వీపు నిమురుతూ కూర్చుంది. కాసేపటికి పిల్లికూతలు సద్దుమణిగాయి. రాజకుమారి కళ్లు తెరిచింది. బాలకిషన్ ఆమె చెయ్యి వదల్లేదు, కళ్లు తుడుచుకోనూ లేదు. ఊపిరి తిరిగాక ఆమె అడిగిన మొదటి మాట ఒకటే.

"డాబా మీద అర్ర ఉన్నదంటున్నది గద అవ్వ. పాలగిన్నె మీ అక్క ఇంట్లనే ఉండిపాయె, ఎప్పుడు తెస్తరు?"

అంబిక నవ్వి చుట్టూ చూసింది. "దవాఖానకు దగ్గర, మంచి గాలి, ఎక్కడ పొగ లేదు. ఆయాసమున్న మనిషికి గింతకన్న మంచి ఇల్లు దొరుకుతదా? దీన్ని ఎందుకు ఖాళీ చేసిండ్రు బాలకిషన్ గారూ?"

వారం తర్వాత మొదటిసారి బాలకిషన్ నోట నిజం వచ్చింది.

"మీ కోసమే మేడమ్."