మీసమే సర్టిఫికెట్

ఈ దేశంలోకి వచ్చిన యంత్రాలన్నిటిలో సేఫ్టీ రేజరే గొప్పది. రైలు గొప్పదంటారా? రైలు మనిషిని బెజవాడ దాకా తీసుకుపోతుంది, అంతే. సేఫ్టీ రేజర్ పైలోకం దాకా తీసుకుపోతుంది. నన్ను తీసుకుపోయింది! తిరుగు ప్రయాణం మాత్రం నేనే నడిచి రావలసి వచ్చింది.

మా ఇబ్రహీంపట్నంలో నా ఈడువాళ్ళంతా దాన్ని తిడుతున్నారు. నేను పొగుడుతున్నాను. ముసలివాళ్ళలో ఒక్కడైనా కొత్త వస్తువును పొగడకపోతే పిల్లలు మనల్ని ఏమనుకుంటారు?

చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఒక పిడి ఉంటుంది. పిడి మీద ఒక రేకు, రేకు మీద ఒక మూత, రెండింటి నడుమ కాగితమంత పలచని బ్లేడు. పిడి తిప్పితే అన్నీ బిగుసుకుంటాయి. బ్లేడుకు రెండు పక్కలా పదును. ఒక పక్క మొద్దుబారితే రెండో పక్క పని చేస్తుంది. ఇంత ముందుచూపు ఏ సర్కారుకైనా ఉందా?

మా కాలంలో గడ్డం మొలిచేది మాకే గానీ, దాని మీద పెత్తనం మంగలి బుగ్గయ్యది. పదిహేను రోజులకు ఒకసారి అరుగు మీద కూర్చోబెట్టేవాడు. గిన్నెలో నీళ్ళు తీసుకుని చెంపలు నానేదాకా బొటనవేలితో రుద్దేవాడు. తోలు మీద కత్తి నూరేవాడు. ముక్కు పట్టుకుని తల ఎటు తిప్పితే అటు తిరగాలి. మెడ మీద కత్తి ఉన్నంతసేపూ ఊరి సంగతులన్నీ చెప్పేవాడు. కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

నాకు మాత్రం ఆ పద్ధతి బాగానే ఉండేది. నేను మాట తక్కువవాణ్ణి. ఇంట్లో 'అవ్' అంటాను, బయట తల ఊపుతాను. కత్తి కింద తల ఊపవలసిన పని కూడా లేదు!

నా కొడుకు విద్యాసాగర్‌కు ఇది నచ్చలేదు. వాడు పట్నంలో ఒక ప్రెస్సులో అక్షరాలు పేరుస్తాడు. వారానికి ఒకసారి ఇంటికి వస్తాడు. అక్కడ ఎవరినో చూసి రేజర్ కొన్నాడు. అద్దం ముందు కూర్చుని, మొహమంతా సబ్బు నురుగు పూసుకుని, పట్నంలో ఉన్నా ఇంట్లో ఉన్నా రోజూ గీసుకోవడం మొదలుపెట్టాడు.

"రోజూ ఎందుకురా?" అన్నాను.

"రోజూ పెరుగుతది గద బాపూ!"

గోళ్ళు కూడా రోజూ పెరుగుతాయి అనాలనుకున్నాను. అనలేదు.

"బుగ్గయ్య కాకా కత్తి ఊరందరి గడ్డాల మీద తిరుగుతది. గిది నా ఒక్కనిదే. నా మొకం, నా చెయ్యి, నా బ్లేడు" అన్నాడు వాడు. స్వరాజ్యం అంటే ఏమిటో ఇంత బాగా చెప్పిన ఉపన్యాసం నేను ఎక్కడా వినలేదు.

అయితే స్వరాజ్యంలో చెయ్యి జారే ప్రమాదం కూడా ఉంటుంది కదా! నెలన్నర కింద ఒక సోమవారం పొద్దున వాడు మీసం కత్తిరించి సొగసు చేసుకుందామనుకున్నాడు. ఎడమ పక్క జర ఎక్కువ పోయింది. సమానం చేద్దామని కుడి పక్క గీశాడు. కుడి పక్క ఇంకా ఎక్కువ పోయింది. మళ్ళీ ఎడమ పక్క. రెండంచుల బ్లేడు కదా, రెండు పక్కలకూ న్యాయం చేసేదాకా ఆగలేదు. చివరికి మూతి మీద ఒక్క వెంట్రుక కూడా మిగలలేదు!

ఇందులో ఏముందని పట్నం పాఠకులు అడగవచ్చు. మా దగ్గర తండ్రి బతికి ఉండగా కొడుకు మీసం తీయడు. తండ్రి పోయినప్పుడే తీస్తాడు. అదీ బుగ్గయ్య చేతి మీదుగానే తీయించుకుంటాడు.

ఆ రోజు నేను ఊళ్ళో లేను. కోహెడలో మా చెల్లెలి ఇంట అమ్మకానికి ఎద్దు ఉందంటే, పోలీసు క్యాంపులో రెండు రోజులు ఊరు దాటే చిట్టీ రాయించుకుని పోయాను. కొడుకు సిగ్గుతో మూతికి తువ్వాల అడ్డం పెట్టుకుని పట్నం బస్సు కోసం పోతున్నాడు. దారిలో బుగ్గయ్య ఎదురయ్యాడు. తువ్వాల జారింది. బుగ్గయ్య గుండె కూడా జారింది.

"ఏమైంది బిడ్డా?"

"ఏం జెప్పాలె కాకా. అయిపోయింది."

"అయ్యో! ఎప్పుడు?"

"గిప్పుడే."

"మరి నన్ను పిలవకపోతివి! ఎవని చేత చేయించినవ్?"

"ఎవ్వలు లేరు కాకా. అంత నా చేతులతోనే చేసుకున్న. నువ్వు మాత్రం ఎవ్వలకు జెప్పకు."

అని వాడు బస్సెక్కి పోయాడు. ఎవరికీ చెప్పవద్దన్నాడు కాబట్టి బుగ్గయ్య చౌరస్తా దాకా పోయి చెప్పాడు. నారయ్య కోహెడ దారిలో పోయిండు, కొడుకు ఒక్కడే మట్టి చేసి వచ్చిండు, పిలగాడు పిచ్చోడైండు అని.

ఇంక చూడండి! మా ఇంటి ముందు ఎద్దుల సంత లాగా జనం. మిరపకాయలు ఎండబోస్తున్న నా భార్య ఎంకమ్మను పట్టుకుని నలుగురు ఆడవాళ్ళు శోకం మొదలుపెట్టారు. ఒకామె బొట్టు తుడవబోయింది. ఇంకొకామె గాజులు పగలగొట్టడానికి రాయి తెచ్చింది. ఎంకమ్మకు ఏడవాలో రాయి గుంజుకోవాలో తెలియలేదు.

అడ్డం పడింది మా పక్కింటి సుక్కమ్మ.

"శవాన్ని జూసినోళ్ళు ఎవరున్నరే మీల? సూడకుండ గాజులు ముట్టినోళ్ళ చేతులు ఇరగ్గొడ్త!"

ఆ మాట అనే హక్కు సుక్కమ్మకు ఉంది. ఆమె పెనిమిటి వీరస్వామిని నిరుడు, పోలీసు యాక్షన్‌కు పదిహేను రోజుల ముందు, నిజాం పోలీసులు ఇంట్లోంచి లారీ ఎక్కించుకుపోయారు. సర్కారు మీద తిరగబడ్డ సంఘం వాళ్ళకు రొట్టెలు పెట్టాడని నేరం. ఇంతవరకు రాలేదు. ఉన్నాడని చెప్పినవాడు లేడు, లేడని చెప్పినవాడూ లేడు. ఆమె బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. కొడుకు ఎల్లా మీసం తీయలేదు.

సరిగ్గా ఆ సమయానికి నేను ఎద్దును తోలుకుని వచ్చాను. నా ఇంటి ముందు నా శోకం! జనం వెనక నిలబడి విన్నాను. మంచి మాటలే చెబుతున్నారు. 'ఒకరిని ఒక మాట అన్నోడు కాదు' అన్నారు. నిజమే, రెండు మాటలు కూడా అనలేదు. మధ్యలో అడ్డుపడి నేను బతికే ఉన్నానని చెప్పడం మర్యాద కాదనిపించింది. అలవాటు కూడా లేదు.

ఎంకమ్మే చూసింది. "ఎప్పటి సంది నిలవడ్డవ్ ఆడ? ఎద్దును గట్టెయ్యరాదు!" అంది.

నా చావు అంతటితో ముగిసింది.

ఒక చిన్న సంగతి మాత్రం నాకు తరువాత తోచింది. అంత జనం వచ్చారు కదా, నారయ్య ఎట్లా పోయాడని ఒక్కరూ అడగలేదు. రోగమా, పామా, ఏమిటని అడగలేదు. సగం మంది క్యాంపు వాళ్ళు చంపారనుకున్నారట. సగం మంది సంఘం వాళ్ళనుకున్నారట. ఈ మూడేళ్ళలో మా దగ్గర అడిగే అలవాటు పోయింది. సరే, అదీ ఒక సుఖమే! గొంతు నొప్పి ఉండదు.

రేజర్ మహిమ ఇక్కడితో ఆగలేదు. ప్రతి సోమవారం క్యాంపులో మాకు హాజరు ఉంటుంది. సంఘానికి రొట్టెలు పెట్టినవాళ్ళ పేర్లు నిజాం కాలంలోనే ఒక రిజిస్టరులో రాశారు. అందులో నేనూ ఉన్నాను. ఆకలిగా ఉందంటే రెండు రొట్టెలు పెట్టాను. యాక్షన్ అయింది, రాజ్యం మారింది, జెండా మారింది. రిజిస్టరు మారలేదు. అట్ట మాత్రం కొత్తది వేశారు.

ఆ సోమవారం పొద్దున నా పేరు పిలిస్తే నేను దారిలో ఎద్దుతో ఉన్నాను. "నారయ్య పోయిండు సార్, కొడుకు మీసం తీసిండు, నేనే జూసిన" అన్నాడట అక్కడి జవాను. గుమాస్తా కొత్తవాడు, కృష్ణ దాటి అటువైపు నుంచి వచ్చినవాడు. మీసం సంగతి విని సంతోషించి, నా పేరు మీద ఎర్ర గీత కొట్టాడట. మధ్యాహ్నానికల్లా నేను బతికానని ఊరంతటికీ తెలుసు. క్యాంపుకు మాత్రం ఎవరూ చెప్పలేదు. మా ఊరివాళ్ళు క్యాంపులో ఉత్త పుణ్యానికి నోరు విప్పరు.

"సచ్చినట్టే ఉండు. సుఖపడ్తవ్" అంది ఎంకమ్మ.

పాఠకులారా, సుఖపడ్డాను! ఆ తరువాత రెండు సోమవారాలు నా పొలంలో నేను ఉన్నాను. ఎండలో వరుసలో నిలబడలేదు. ఎవడొచ్చాడు, ఏం తిన్నాడు, ఎటు పోయాడని నన్ను ఎవరూ అడగలేదు. చచ్చినవానికి ఊరు దాటడానికి చిట్టీ అక్కర లేదు. చచ్చినవాని ఇల్లు సోదా చేయరు. బతికి ఉన్న ప్రజలకు ఏ చట్టమూ ఇన్ని హక్కులు ఇవ్వలేదు. ఇవన్నీ ఒక బ్లేడు ఇచ్చింది! డాక్టరు సర్టిఫికెట్ కావాలంటే పట్నం దవాఖానకు పోవాలి. మీసం సర్టిఫికెట్‌కు ఒక చెంబెడు నీళ్ళు చాలు.

గుమాస్తాకు కూడా ఈ పద్ధతి బాగా నచ్చింది. రిజిస్టరులో నెలల తరబడి తేలని పేర్లు ఆయనకు తలనొప్పి. అందులో మొదటిది వీరస్వామి పేరు. ప్రతి సోమవారం పిలుస్తారు. 'గైరుహాజరు' అని రాసుకుని పరారీ కింద లెక్క వేస్తారు. పరారీ మనిషి ఇల్లు కాబట్టి వారానికి ఒకసారి సుక్కమ్మ ఇంట్లో కుండలు బోర్లిస్తారు. ఎల్లాకు ఊరు దాటే చిట్టీ ఇవ్వరు. వీరస్వామి ఏడీ అని సుక్కమ్మ అడిగితే, అది పాత ప్రభుత్వం సంగతి, వాళ్ళనే అడగమంటారు. పాత ప్రభుత్వం ఏ ఊళ్ళో కాపురం ఉంటున్నదో ఎవరికి తెలుసు?

గుమాస్తా ఎల్లాను పిలిచి మంచిగానే చెప్పాడట. "చూడు అబ్బాయ్, నువ్వు కూడా మీసం తీసేసి వచ్చే సోమవారం కనపడు. మీ నాన్న పేరు కొట్టేస్తాను. నీకూ హాయి, నాకూ హాయి."

ఇరవై ఏళ్ళు దాటినవాడు ఎల్లా. కష్టం తెలిసినవాడు. ముందు బుగ్గయ్య దగ్గరికి పోయాడు. "బతికినోడో కాదో తెల్వని మనిషి పేరు మీద నా కత్తి ఎక్కది" అని బుగ్గయ్య పెట్టె మూసేశాడు. అందుకే ఆదివారం మా ఇంటికి వచ్చాడు. నా కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. వాని మీసం అప్పటికి మళ్ళీ నల్లబడుతోంది.

"జర గా రేజర్ ఇయ్యి సాగరన్నా."

సేఫ్టీ రేజర్‌కు ఎవరి గడ్డమైతేనేమి? ఏ మూతి మీద ఎక్కనంటుంది? బుగ్గయ్య కత్తికి ఉన్న పట్టింపులు దానికి లేవు. అదే దాని గొప్ప. ఎల్లా నురుగు పూసుకున్నాడు. పిడి పట్టుకున్నాడు.

వాకిట్లోకి సుక్కమ్మ వచ్చింది. కేకలు వేయలేదు.

"తియ్యి బిడ్డా. తీసి నా ముంగట నిలవడు. నేను గాజులు పలగ్గొట్టుకుంట. రేపు మీ బాపు వస్తే ఏం జెప్తవో గదొక్కటి నువ్వే జెప్పు."

"నేనేం జేయాలె అవ్వా? వస్తలేడు గద! వారం వారం కుండలు పలగ్గొడ్తున్నరు!"

"సోమవారం సోమవారం ఆయన పేరు పిలుస్తున్నరా లేదా? పిలుస్తున్నరంటే లెక్కల మనిషి ఉన్నట్టే. గా పేరు కొట్టేస్తే ఇగ ఎవలను అడగాలెరా?"

ఎల్లా చెయ్యి అట్లాగే ఆగింది. నురుగు ఆరిపోతోంది. నా కొడుకు నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను.

తువ్వాల తీసుకుని ఎల్లా మూతి తుడిచాను. "రేపటి దాక ఆగు" అన్నాను.

మరునాడు మూడు వారాల శవం క్యాంపుకు నడిచి వెళ్ళింది. వరుసలో నా పాత చోటులో నిలబడ్డాను. పేర్లన్నీ పిలిచారు. నా పేరు పిలవలేదు. పిలవని పేరు నేనే చెప్పుకుని 'హాజర్' అన్నాను.

గుమాస్తా తల ఎత్తాడు. "నువ్వు చనిపోయావు గదయ్యా!"

"లేదు సార్."

"మరి మీ అబ్బాయి మీసం?"

"చెయ్యి జారింది."

జవానులు నవ్వారు. గుమాస్తా నవ్వలేదు. "ఇట్లా అయితే ఇంక ఎవడి మీసాన్ని నమ్మమంటావు?" అన్నాడు.

"గదే జెప్తున్న సార్. మీసాలు జూసి మనుషుల పేర్లు కొట్టెయ్యకుండ్రి. వీరస్వామి ఏడున్నడో మీరే తెలుసుకుని రాయుండ్రి."

నా జన్మలో ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. ఎంకమ్మ ఇప్పటికీ నమ్మదు.

అనుమతి లేకుండా చచ్చినందుకు నాకు ఇప్పుడు సోమవారంతో పాటు గురువారం కూడా హాజరు వేశారు. మీసం సర్టిఫికెట్ రద్దయింది. ఎల్లాను మళ్ళీ ఎవరూ గీసుకోమనలేదు. సేఫ్టీ రేజర్‌ను నేను ఇంకా పొగుడుతూనే ఉన్నాను. ఒక బ్లేడు ఎంత చేయగలదో అంతా చేసింది. తక్కిన పని కలానిది. ఆ కలం గుమాస్తా చెవి వెనక ఉంది.

మొన్న సోమవారం కూడా పిలిచారు. నేను పలికాను. నా తరువాత వీరస్వామి పేరు. సుక్కమ్మ గోడ పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. ఎల్లా మీసం మీద చెయ్యి వేసుకుని నేల చూస్తున్నాడు. గుమాస్తా రెండోసారి పిలిచాడు, కలం తీసి 'గైరుహాజరు' అని రాసుకున్నాడు.

మనిషిని లారీ ఎక్కించుకుపోయిన రిజిస్టరే, మనిషి రాలేదని గైరుహాజరు వేస్తోంది!