వదినగారి సంచీలో వైసు

ఆ ఉదయం తుప్పుబాబాయికి ఇంట్లో అప్పగించిన పని ఒక్కటే. బస్టాండుకు వెళ్ళి వదినగారిని, అంటే భార్య అక్కగారిని, ఇంటికి తీసుకురావాలి. నాలుగు రోజులుండి పోదామని వస్తున్న మనిషి, చేతిలో ఒక సంచీ, ఎక్కడానికి ఒక ఆటో. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదు. అయినా భార్య గుమ్మం దాకా వచ్చి, "తిన్నగా వెళ్ళి తిన్నగా రండి" అని మరీ చెప్పింది. ఆయనతో ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అనుభవం అలాంటిది.

నీళ్ళ బిల్లుల ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే ఆయనకు ఆ పేరు చుట్టాలు పెట్టింది. పాత ఇనుమంటే ప్రాణం. అన్ని ఇనుములూ కాదు, డ్రిల్లింగు మిషన్ల కింద వాడే పాత వైసులు. బెజ్జం వేసేటప్పుడు ఇనపముక్క గిర్రున తిరిగి వేళ్ళు పట్టుకుపోకుండా రెండు దవడల మధ్య బిగించి ఉంచే సాధనం అది. తుప్పుపట్టి బిగుసుకుపోయినదాన్ని ఎక్కణ్ణుంచో వెతికి తెచ్చి, కిరసనాయిల్లో నానబెట్టి, తీగ బ్రష్షుతో తోమి, పిడి ఒక్క వేలితో తిరిగేదాకా ఆయనకు నిద్రపట్టదు. తిరిగాక దానితో ఏం చేస్తాడయ్యా అంటే, ఏమీ చెయ్యడు. ఆయన దగ్గర డ్రిల్లింగు మిషను లేదు.

అలా బాగుచేసినవన్నీ పెరటి గదిలో బల్ల మీద నిగనిగలాడుతూ కూర్చున్నాయి. భార్య కుట్టుమిషను మాత్రం వరండాలో ఎండకు ఎండి వానకు తడుస్తోంది. ఈమధ్యనే ఆవిడ తెగేసి చెప్పింది. ఇంకొక్క ఇనపముక్క గడప దాటి లోపలికొచ్చిందా, ఆ గది ఖాళీ. బాబాయి సరేనన్నాడు. అన్నప్పుడు నిజంగా మనస్ఫూర్తిగానే అన్నాడు. లోకంలో ఆయన తలుపేసుకుని సుఖంగా ఊపిరి పీల్చుకునే చోటు ఆ గదొక్కటే మరి.

బస్సు ఆలస్యమని తెలిసింది. బస్టాండు వెనక సందులో పాతసామాన్ల కొట్టుంది. చూసినంత మాత్రాన మాట తప్పినట్టు కాదుగా అనుకుని బాబాయి అటు నడిచాడు. విరిగిన ఫ్యాన్లు, చక్రాల్లేని సైకిళ్ళు, పాత మోటార్లు గుట్టగా పడి ఉన్నాయి. అడుగు నుంచి ఒక పిడి కొన బొటనవేలంత బయటికి కనిపించింది. దాన్ని చూసి అదేమిటో చెప్పగలవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకొకరుంటారో లేదో. బాబాయి గుండె మాత్రం ఝల్లుమంది. మోచేతుల దాకా మసి పూసుకుని లాగితే అడుగున వెడల్పాటి పీట, పొట్టి దవడలు, వాటిని కదిపే మర ఉలుకూ పలుకూ లేనంతగా బిగుసుకుపోయిన వైసు ఒకటి బయటపడింది. అంత మంచిది ఆయన ఇంతవరకూ చూడలేదు. దాన్ని అక్కడే వదిలేసి రావడం ఆయన వల్ల కాలేదు.

కొట్టు ఆసామి దాన్ని పాత పేపర్లో చుట్టి ఇస్తుండగానే బస్సొచ్చింది. వదినగారు దిగి, కుశలాలడిగి, సంచీ మరిదికి అప్పగించి మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. సంచీలో నాలుగు బట్టలే ఉన్నాయేమో, చోటు చాలానే కనిపించింది. బాబాయి అటూ ఇటూ చూసి వైసును బట్టల అడుగున దోపేశాడు. ఇంటికెళ్ళగానే సంచీ లోపల పెట్టే మిషతో తీసేసి పెరటి గదిలో దాచేస్తే కాకికైనా తెలియదు. కంగారులో జిప్పు లాగేసరికి పేపరు అంచు అందులో ఇరుక్కుని, అది కూడా వైసులాగే బిగుసుకుపోయింది.

ఇంటి ముందు ఆటో ఆగీ ఆగకముందే బావమరిది ఎదురొచ్చాడు. పెద్దక్క వస్తోందని తెలిసి పొద్దున్నే వచ్చి కూర్చున్నాట్ట. బాబాయి వద్దు వద్దంటున్నా వినకుండా, "నువ్వుండు బావా, మా పెద్దక్క సంచీ నేను తేకపోతే ఎవరు తెస్తారు" అంటూ ఒక్క ఊపున లాగాడు. సంచీ లేచింది. అతను లేవలేదు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

నడుం పట్టేసిన మనిషిని తలో చెయ్యీ వేసి తీసుకెళ్ళి వదినగారి కోసం సర్దిన గదిలో పడుకోబెట్టారు. సంచీ కూడా ఆ మంచం పక్కకే చేరింది. ఇక బాబాయి ఆ గదిలోకి ఎన్నిసార్లు వెళ్ళినా బావమరిది కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. బావకు తనమీద ఇంత ప్రేమ ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదని అతను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బాబాయి తేలు కుట్టిన దొంగలా అతని నడుంకి నూనె రాస్తూ కూర్చున్నాడు.

వదినగారు స్నానానికి లేచి, జిప్పు రాకపోతే, చెల్లెలి చీర కట్టుకుంది. భోజనాల దగ్గర వంటింటి వైపు చూసి, "ఎంత నిమ్మళంగా ఉందే ఇక్కడ. నీ వంటింట్లో నువ్వొక్కదానివే ఉన్నావు" అని ఒక నిట్టూర్పు విడిచింది. ఆ నిట్టూర్పుకు కారణం ఉంది. ఆవిడ భర్త, బాబాయికి తోడల్లుడు, ఆడిటరుగా చేసి రిటైరైన మనిషి. ఆఫీసులు అయిపోయాయి కనక ఇప్పుడు వంటింటిని తనిఖీ చేస్తున్నాడు. ఏ డబ్బాకు ఏ మూత ఉందో, కూరముక్కలన్నీ ఒక్క కొలతన ఉన్నాయో లేదో చూడందే ఆయనకు ముద్ద దిగదు. ఆవిడ నాలుగు రోజులు ఆ గొడవ లేకుండా ఉందామని వచ్చింది, అంతే.

కానీ మంచం మీది బావమరిది చిన్నక్కను పిలిచి గుసగుసగా ఒక మాట చెప్పాడు. అది నాలుగు రోజులకొచ్చే మనిషి సంచీ కాదని, పెద్దక్క ఇల్లంతా సర్దుకొచ్చేసిందని. ఆవిడ వెళ్ళి సంచీ కదిపి చూసింది. జిప్పు చూసింది. అది బిగుసుకుపోయేంతగా కుక్కిందంటే ఇంక చెప్పేదేముంది? నిట్టూర్పు కూడా గుర్తొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, నేరుగా పెరట్లో ఉన్న భర్త దగ్గరికి వచ్చింది.

"అక్క బావగార్ని వదిలేసి వచ్చేసిందండీ."

"ఎవరు చెప్పారు?"

"సంచీ చెప్పట్లేదూ? తమ్ముడంతటివాడికే నడుం పట్టేసిందే. మీరేగా బస్టాండు నుంచి మోసుకొచ్చారు. బరువు లేదా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు బాబాయి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. కొంచెం బరువేనని ఒప్పుకున్నాడు.

"చూశారా. పైకి చెప్పుకోలేక ఎంత కుమిలిపోతోందో. మనం ఏమీ అడగొద్దు, బాధపడుతుంది. పెరటి గది ఖాళీ చేసి అక్కకిద్దాం. ఇంక ఉన్నన్నాళ్ళూ ఇక్కడే ఉంటుంది."

బాబాయి పెరటి గది తలుపుకేసి చూశాడు. నిజం చెబితే ఒప్పందం ప్రకారం గది పోతుంది. చెప్పకపోతే దయాధర్మం ప్రకారం గది పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండిట్లో నీళ్ళు తక్కువున్నది ఏదా అని ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించగా మెరుపులాంటి ఉపాయం తట్టింది. తోడల్లుడికి ఫోను చేసి, వదినగారు ఎప్పుడు తిరిగొస్తానని చెప్పిందో అడిగితే సరి. ఆయన ఫలానా రోజంటాడు. ఆ మాట భార్యకు చెబితే అనుమానం తీరిపోతుంది. గోటితో పోయే పనికి గొడ్డలి ఎందుకని తనను తాను మెచ్చుకుంటూ వీధి చివరికి వెళ్ళి ఫోను చేశాడు.

"అన్నగారూ, వదినగారు ఎన్నాళ్ళుంటానని చెప్పి వచ్చారు?"

"ఎందుకడుగుతున్నావ్? ఏవన్నా అందా?"

"అబ్బే, ఏమీ అన్లేదండీ."

"ఏమీ అన్లేదా?"

"ఒక్క మాట కూడా అన్లేదండీ." ఆయన్ని ఊరడించడానికే బాబాయి ఆ మాట నొక్కి చెప్పాడు.

ఇన్నేళ్ళ కాపురంలోనూ తన భార్య తన గురించి ఏమీ అనకుండా ఒక పూట ఉండటం తోడల్లుడు ఎరగడు. అన్నంతకాలం భయం లేదు. అనడం మానేసిందంటే వ్యవహారం చేయి దాటిపోయినట్టే. ఆయన భోజనం కూడా చెయ్యకుండా దొరికిన బస్సెక్కేశాడు.

సాయంత్రం కాఫీల వేళకి ఇంట్లో దిగాడు. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఇంకోటి పెట్టుకుని ఉన్నాడు. ఆయన విషయంలో అదొక్కటి చాలు, మనిషి ఎంత చెదిరిపోయాడో తెలియడానికి. నడుం పట్టుకుని బావమరిది కూడా గోడవారగా వచ్చి నిలబడ్డాడు. తోడల్లుడు అందరి ముందూ భార్యతో తన తప్పులు వరసగా ఒప్పుకున్నాడు. ఇక మూతల జోలికి రానన్నాడు. ముక్కలు ఏ కొలతన తరిగినా కిక్కురుమనకుండా తింటానన్నాడు. వంటింటి గడప తొక్కనన్నాడు. ఎవరు పిలిచారో, ఈయన ఎందుకిలా అయిపోయాడో వదినగారికి బొత్తిగా అర్థం కాలేదు. కానీ తెలివైన మనిషి. అర్థం కాలేదని చెబితే ఆగిపోతాడేమోనని చివరిదాకా విని, అప్పుడు అడిగింది.

"బాగానే ఉంది గానీ, ఇప్పుడివన్నీ ఎందుకు?"

"నువ్వు ఇల్లొదిలి వచ్చేశావుగా."

"నేనా? నాలుగు బట్టలు పట్టుకుని చెల్లెల్ని చూడ్డానికొచ్చాను."

తోడల్లుడు లోపలికెళ్ళి సంచీ పైకెత్తబోయి, సగంలోనే కూలబడ్డాడు. "నాలుగు బట్టలా ఇవి?" అన్నాడు. చెల్లెలు కొంగు కళ్ళకద్దుకుంటూ, "మా దగ్గర కూడా దాచాలా అక్కా" అంది. తమ్ముడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. వదినగారు అందరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఏ పాపమూ ఎరగని మనిషి అందరి ముందూ అబద్ధాలకోరుగా నిలబడి ఉంది. ఆవిడ పెదవులు అదరడం చూసేసరికి బాబాయికి ఇంక తట్టుకోవడం చాతకాలేదు. తన గది గుర్తొచ్చింది. సిగ్గేసింది. గది పోతే పోయిందనుకున్నాడు.

"వదినగారి తప్పేం లేదు. అందులో బరువు నాది" అన్నాడు.

కత్తెర తెచ్చి జిప్పు పక్కన గుడ్డ కోసి, బట్టల కింద నుంచి పేపరు పొట్లం తీసి బల్ల మీద పెట్టి విప్పాడు. బస్టాండు దగ్గర్నుంచి ఫోను దాకా జరిగిందంతా తలొంచుకుని చెప్పాడు. బావమరిది పొద్దుటి నుంచీ నూనె రాయించుకున్న నడుం మీద చెయ్యి వేసుకుని బావ వంక అదోలా చూశాడు. భార్య ఏమీ అరవలేదు. పెరటి గది వైపు చూసి, "రేపే" అంది. ఆ ఒక్క ముక్క చాలింది.

ఈలోగా తోడల్లుడు కళ్ళజోడు పెట్టుకున్నాడు. గుండె బరువు దిగిపోయిన మనిషి కదా, చేతులకు పని కావాలి. వైసును అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఎందుకు తిరగడం లేదని అడిగాడు. తుప్పు తిని పట్టేసిందన్నాడు బాబాయి దిగులుగా. పీట మీద ఈ చిన్న గుంటలేమిటని అడిగాడు. వైసులో ముక్క పెట్టినవాడు పరధ్యానంలో ఉంటే డ్రిల్లు ఆ ముక్కను దాటి పీటలోకి దిగుతుందని, ప్రతి పాత వైసు మీదా అలాంటివి ఉంటాయని, ఒక్కో గుంటా ఒక్కో మనిషి పొరపాటని బాబాయి చెప్పాడు. తాను ఎంత మెరుగు పెట్టినా వాటిని మాత్రం పూడ్చనని కూడా చెప్పాడు.

ఆడిటరు మొహం దీపంలా వెలిగింది. "అయితే చేసిన తప్పులన్నీ దాచకుండా దీనిమీదే ఉన్నాయన్నమాట" అని ఒక్కొక్క గుంటనూ వేలితో తడిమాడు. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంత నిజాయితీ గల వస్తువు ఎదురుపడలేదు.

కాఫీలు చల్లారిపోయాయి. ఇద్దరూ పెరట్లో చతికిలబడి మర సందుల్లో కిరసనాయిలు పోశారు. కెటిల్తో మరిగే నీళ్ళు తెచ్చి దవడ మీద పోసి, చెక్కసుత్తితో చుట్టూ మెల్లగా తట్టారు. మళ్ళీ పోశారు, మళ్ళీ తట్టారు. గట్టిగా కొడితే పోతపోసిన ఇనుము పగులుతుందని బాబాయి హెచ్చరిస్తే, తోడల్లుడు ఎదురుచెప్పకుండా విన్నాడు. దీపాలు పెట్టే వేళకి మర కిర్రుమంది. పిడి పావువంతు కదిలింది. ఉడుంపట్టు పట్టిన దవడలు వెంట్రుకవాసి విడ్డాయి. తోడల్లుళ్ళిద్దరూ కాసేపు దాన్నీ, తర్వాత ఒకరినొకరూ చూసుకున్నారు. అంత సంతోషం ఆ ఇద్దరికీ తమ తమ ఉద్యోగాల్లో ఎన్నడూ కలగలేదు.

మర్నాడు భార్య అన్నమాట ప్రకారం గది ఖాళీ చేయించింది. బల్ల తుడిపించి కుట్టుమిషను లోపల పెట్టించింది. బాబాయి తన వైసులన్నిటినీ చాప మీద పేర్చి, వాటి పక్కనే కూర్చున్నాడు. అమ్మడానికి మనసొప్పదు, పెట్టుకోవడానికి చోటు లేదు. అప్పుడు తోడల్లుడు దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు. తమ ఇంట్లో మేడ మీద పెద్ద గది ఊరికే పడి ఉందని, అక్కడైతే వెలుతురు కూడా బాగా వస్తుందని, ఇవన్నీ అక్కడికి చేర్చి ఒక్కొక్కటీ మళ్ళీ తనిఖీ చెయ్యాలని తనకు ఉందని చెప్పాడు. వదినగారు ఏదో అనబోయి, వంటింటి గడప తొక్కనన్న ఆయన మాట గుర్తు చేసుకుని నోరు మూసుకుంది.

ఆ మాట ఆయన అక్షరాలా నిలబెట్టుకున్నాడు. పొద్దస్తమానం మేడ మీదే ఉంటాడు. మూతలూ ముక్కలూ ఏమైపోయినా పట్టించుకోడు. వంటిల్లు ఇప్పుడు వదినగారిదే. కాకపోతే తలమీద పగలంతా టకటకమని సుత్తి చప్పుడు. దాంతో ఆవిడ వారం వారం చెల్లెలింటికి వచ్చేస్తుంది. పెరటి గదిలో అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరు కత్తిరిస్తే ఒకరు కుడుతూ, మొగుళ్ళ ముచ్చట్లు తీరిగ్గా చెప్పుకుంటారు. ఆవిడ ఇక్కడికి బయల్దేరే రోజే బాబాయి అక్కడికి బయల్దేరతాడు. బస్టాండులో ఎదురుపడితే, బాగున్నారా వదినగారూ అని ఈయన, బాగున్నానయ్యా మరిదీ అని ఆవిడ పలకరించుకుంటారు. ఆవిడ దిగిన బస్సు ఈయన ఎక్కుతాడు.

చుట్టాల్లో ఏ కొత్తజంట దెబ్బలాడుకున్నా, మొగుడూ పెళ్ళాలు ఎంత అన్యోన్యంగా ఉండాలో తమను చూసి నేర్చుకోమని అక్కచెల్లెళ్ళిద్దరూ బుద్ధి చెబుతుంటారు.