నా కాళ్ళ కింది మూలుగు

ఇలా దగ్గరికి జరగండర్రా, నా గొంతు దూరం పోదు. ముందుగా ఒక పెద్ద మాట చెప్పేస్తాను: లోకంలో ఏ శబ్దమైనా వినబడితే చాలదు, వినే అధికారం ఉన్నవాళ్ళకి వినబడాలి. అంతవరకూ అది శబ్దం కాదు, మన అనుమానం. ఇది నేను చదువుకుని తెలుసుకున్నది కాదు (చదువుకుని ఉంటే ముందే తెలిసేదేమో). మా అమ్మాయి కారు నేర్పింది.

మా అమ్మాయి నర్సు. మంచానపడ్డవాళ్ళని ఇళ్ళకి వెళ్ళి చూసుకుంటుంది. ఊరికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, మధ్యలో బైపాస్. కారు పాతది. అద్దం దించితే ఎక్కదు, ఎక్కితే దిగదు, అయినా పాపం ఏనాడూ దారిలో వదిలెయ్యలేదు. అలాంటిది ఉన్నట్టుండి ముందు వైపు నుంచి మూలగడం మొదలుపెట్టింది, ఖాళీ తిరగలి తిప్పినట్టు. వేగం పెరిగితే పెరుగుతుంది, మలుపు తిరిగితే ఇంకా పెరుగుతుంది. సరిగ్గా నేను కూర్చునే వైపు, నా కాళ్ళ కింద.

"అది చక్రం బేరింగే అమ్మా," అంది మా అమ్మాయి. "అరిగిపోయి పట్టేసిందంటే చక్రం ఇక తిరగదు."

"బైపాస్ మీద పట్టేస్తే?"

"ఆ మాట నన్నడక్కు."

అడక్కుండా ఎలా ఉంటాను? దాన్నీ బండినీ సర్వీస్ సెంటరుకి లాక్కెళ్ళాను.

అక్కడి నేల మన కంచాలకంటే శుభ్రంగా ఉంది. మొదట బండిని కంప్యూటరుకి కలిపారు. దీపాలు, తలుపులు, హారను అందరూ క్షేమమని చెప్పింది. (చక్రానికీ దానికీ మాటల్లేవట. పాత బండి కదా, ఆ సంబంధం కలపలేదు.) తరవాత బండిని గాల్లోకి ఎత్తి, చక్రాన్ని చేత్తో తిప్పారు, చప్పుడు లేకుండా తిరిగింది. మీద బరువు లేకపోతే నేనైనా అలాగే తిరుగుతాను. "శబ్దం కనుగొనబడలేదు" అని రాశారు.

"గాల్లో నడపం కదా నాయనా," అన్నాను.

అయితే ఆవరణలో నడిపి చూస్తామన్నారు. నిబంధన ప్రకారం నడక వేగం దాటకూడదు, మలుపు తిప్పకూడదు, సొంతదారు లోపల ఉండకూడదు. సొంతదారైతే పక్షపాతంతో వింటారట. శబ్దం మళ్ళీ కనుగొనబడలేదు. మా అమ్మాయికి మాత్రం ఒక సలహా దొరికింది, రేడియో కాస్త గట్టిగా పెట్టుకోమని.

నేను ముందు సీట్లో ఎక్కి కూర్చుని దిగనన్నాను. చివరికి లోపలి గదిలోంచి శబ్ద నిర్ధారణాధికారి వచ్చాడు, చెవులకి పెద్ద పెద్ద డిప్పలతో. (బయటి చప్పుళ్ళు చెవిన పడకుండానట.)

"మామ్మగారూ, బండి మీదేనా?"

"నాది కాదు నాయనా. సొంతదారు తల్లిని."

నిబంధనల్లో తల్లి ప్రస్తావన లేదు. అందుకని నన్ను సామాను కింద రాసుకుని, ప్రత్యేక అనుమతి మీద బైపాస్ మలుపు దాకా నడిపాడు. మూలిగింది. డిప్పలు తీశాడు. ఇంకా మూలిగింది.

"వినబడిందా?"

"వినబడిందండీ," అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

వెనక్కొచ్చి నన్ను దింపి, ఒక్కడే మళ్ళీ వెళ్ళాడు. బరువు దిగింది కదా, మూలుగు తగ్గింది. ఆయన నిర్ధారణని మా అమ్మాయి చదివి వినిపించింది: "వృద్ధురాలు ఎక్కినప్పుడు శబ్దం అధికం. దిగినప్పుడు స్వల్పం. కారణం: వృద్ధురాలు. సూచన: తొలగించవలెను."

"మా అమ్మని ఎక్కణ్ణించి తొలగించమంటారు?"

"బండిలోంచి చాలండి. ఇంట్లోంచి అన్నది మీ కుటుంబ విషయం."

"బరువు పడితేనే కదండీ బేరింగ్ సంగతి బయటపడేది. అది మార్చండి."

"కారణం ఒకటి రాసి ఇంకోటి మారిస్తే తనిఖీలో నన్నడుగుతారు. కావాలంటే ఈవిణ్ణి మారుస్తాను." కంప్యూటర్లో వెతికాడు కూడా. "దొరకట్లేదండీ. పాత మోడలు, ఇప్పుడు తయారు చెయ్యట్లేదు."

"ఇందాకట్నుంచీ మీరు చెప్పినవాటిలో అదొక్కటే నిజం," అంది మా అమ్మాయి.

వేరే చోట చూపిద్దామే అన్నాను. "ఆదివారం చూద్దాంలే అమ్మా, అక్కడ మంచం మీద మనిషి నా కోసం కాచుక్కూర్చున్నాడు," అని ఒక్కత్తే వెళ్ళింది. నేను బస్సులో ఇంటికొచ్చాను, తొలగించబడినదాన్ని కదా.

ఆదివారం రానేలేదు, మలుపులో చక్రం పట్టేసింది. బండి గోడకి రాసుకుంటూ పోయి ఆగింది. ప్రాణం దక్కింది. కుడి మణికట్టు విరిగింది. రోగుల్ని లేపి కూర్చోబెట్టే చెయ్యి అది.

అధికారి వచ్చి చక్రానికి చెవి ఆనించి విన్నాడు. ఆగిపోయిన చక్రం ఏం మాట్లాడుతుంది? "శబ్దం లేదు. ఫిర్యాదు పరిష్కరించబడినది" అని రాసుకున్నాడు. సంతృప్తి తెలపమని మా అమ్మాయి ఫోనుకి నక్షత్రాలు పంపారు. ఎడం చేత్తో నొక్కడం అలవాటు లేక, అయిదూ వెలిగిపోయాయి.

ఇది గుర్తుంచుకుని నలుగురికీ చెప్పండర్రా. మిగతా కథ కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు, ఒక్క మాట మాత్రం మార్చకండి. ఆ రోజు నేను బండిలో లేను. వాళ్ళ కాగితం ప్రకారం ఆ బండికి ఏ లోపమూ లేదు.