చూస్తే ఓడించే అమ్మ

పట్టణ బాలికల ఫుట్‌బాల్ జట్టు ఈ ఏడాది సాధించిన వరుస విజయాలకు మూలకారణం పెదనాన్నగారి ఎడమకాలేనని, సెమీఫైనల్ గెలిచిన మర్నాడు క్లబ్బు కార్యదర్శి నిండు సభలో ప్రకటించాడు. చప్పట్లు మారుమోగాయి. ఆశ్చర్యపోయినవాళ్ళు ఎవరూ లేరు, అప్పటికే ఊరంతటికీ తెలిసిన విషయం కదా. పెదనాన్న వేదిక మీద వినయంగా తలవంచి, ఆ కాలిని కుడికాలి మీద వేసుకుని, వెనక వరసలవాళ్ళకు కూడా కనిపించేలా కాస్త ముందుకు చాపాడు. సభకు గోల్‌కీపర్ కూడా వచ్చింది. కుర్చీలు చాలక గుమ్మం దగ్గర నిలబడింది.

ఆ గోల్‌కీపర్ పెదనాన్నగారి తమ్ముడి కూతురు. పదహారేళ్ళ పిల్ల. బంతి చేతికి తగిలితే చాలు, అతుక్కుపోతుందని జట్టులో అందరూ ఆమెను జిగురు అంటారు. తెల్లవారకుండానే లేచి మైదానానికి పోవడం, బురదలో పడి దొర్లడం, మోకాళ్ళు చెక్కుకోవడం, ఒకసారి ఉంగరపువేలు విరిగి అది వంకరగా అతుక్కోవడం, ఇవన్నీ ఆ పిల్ల సొంత సరదాలు. గెలుపుతో వాటికి ఏ సంబంధమూ లేదని ఇంట్లో పెద్దలు ప్రేమగానే చెప్పారు. "చిన్నపిల్ల కదా, కష్టపడితే గెలుస్తామనుకుంటోంది పాపం" అని నానమ్మ జాలిపడేది.

వాళ్ళది దైవభక్తి గల కుటుంబం. ప్రార్థనకు లోటు చేసేవాళ్ళు కాదు. కాకపోతే అవతలి జట్టువాళ్ళ మొర ఆలకించేదీ ఆ దేవుడే కాబట్టి, ఆయన ఒక్కడి మీదే భారం వెయ్యడం అంత తెలివైన పని కాదని పెదనాన్న ఏనాడో తేల్చేశాడు. అందుకని ఇంటిల్లిపాదీ తలా ఒక బాధ్యత తీసుకున్నారు. మ్యాచ్ అయ్యేదాకా పెదనాన్న ఎడమకాలు దించకూడదు. బస్సు డ్రైవరైన నాన్న మొదటి విజయం నాడు వేసుకున్న యూనిఫాం చొక్కానే వేసుకోవాలి, దాన్ని ఉతక్కూడదు. మైదానంలో ఆయనకు అటూ ఇటూ నాలుగేసి కుర్చీలు ఖాళీగా ఉండేవంటే అది ప్రజలు ఆయనకిచ్చిన గౌరవమనే అనుకోవాలి. నానమ్మ దగ్గకూడదు.

ఇక అమ్మ. అమ్మ దర్జీ పని చేస్తుంది. నిరుడు ఒకే ఒక్కసారి కూతురి ఆట చూడటానికి వచ్చింది. ఆ రోజు జట్టు నాలుగు గోల్స్ తేడాతో చిత్తుగా ఓడింది. రాత్రి ఇంట్లో విచారణ జరిగింది. ఆ పూట కుండపోత వాన కురవడం, డిఫెండర్లిద్దరూ జ్వరంతో ఆడటం వంటి సాకులను సభ పరిశీలించి తోసిపుచ్చింది. దోషం అమ్మ కళ్ళదేనని తేలింది. తరువాతి మ్యాచ్‌కు అమ్మ ఇంట్లో కూర్చుని బట్టలు ఇస్త్రీ చేసుకుంది, జట్టు గెలిచింది. ఇంకేం కావాలి? అప్పటినుంచి మ్యాచ్ మొదలవగానే అమ్మ ఇంట్లో ఇస్త్రీ మొదలుపెట్టాలి, ఆఖరి విజిల్ దాకా ఆపకూడదు. బట్టలు అయిపోతే ఇస్త్రీ అయినవే మళ్ళీ చెయ్యాలి. సెమీఫైనల్ నాటికి పెదనాన్న ప్యాంటు ఎంత పలచబడిందంటే, ఆయన కాలు మీద కాలు వేసేముందు కాస్త ఆలోచించుకోవాల్సి వచ్చేది.

కోచ్ చదువుకున్నవాడు. మొదట్లో ఇదంతా చూసి నవ్వేవాడు. క్వార్టర్ ఫైనల్ అదనపు సమయంలోకి వెళ్ళగానే పక్కకు పోయి అమ్మకు ఫోన్ చేశాడు. "అమ్మా, ఇంకో అరగంట పట్టేలా ఉంది. పెట్టె చల్లారనివ్వకండి" అన్నాడు. చదువుకున్నవాడు కాబట్టే అంత మర్యాదగా అడిగాడు.

ఫైనల్‌కు ముందురోజు సాయంత్రం అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని జిగురు గ్లోవ్స్‌కు అరచేతి భాగం మార్చి కుడుతోంది. జిగురు పక్కన చేరింది.

"అమ్మా, రేపు రావే."

"నీకేమైనా పిచ్చా?"

"ఒక్కసారి. నేను గెలవడం నువ్వు చూడనే లేదు."

"నాకు మాత్రం చూడాలని ఉండదటే? తీరా నేనొచ్చి నువ్వు ఓడిపోతే వీళ్ళు నన్ను బతకనిస్తారా?"

"గెలిస్తే పెదనాన్న కాలు, ఓడిపోతే నీ కళ్ళు. మధ్యలో నేనెందుకమ్మా అక్కడ?" అంది జిగురు. అంటూనే ఏడ్చేసింది.

అమ్మ మిషను ఆపింది. మర్నాడు వచ్చింది. తలమీద గుడ్డ కప్పుకుని, అందరికంటే వెనక కటకటాల దగ్గర నిలబడింది.

మ్యాచ్ సమంగా ముగిసి పెనాల్టీల దాకా వచ్చింది. జిగురు గోల్ ముందు నిలబడి తలెత్తేసరికి అమ్మ కనిపించింది. ఒళ్ళంతా తేలికైపోయింది. ఆఖరి షాట్ కుడివైపు పైమూలకు దూసుకొచ్చింది. జిగురు ఎగిరింది. వంకరవేలి కొన తగిలి బంతి గోల్ పైనుంచి పోయింది.

"నా తల్లే!" అని ఒక కేక వినబడింది. కుటుంబం మొత్తం వెనక్కి తిరిగింది.

చూడకూడని దృశ్యమది. కప్పు గెలిచారు, కానీ అమ్మ ఎదురుగా ఉంది. పెదనాన్న కాలు దానంతటదే కిందికి దిగింది. నాన్న తన చొక్కా వంక అనుమానంగా చూసుకున్నాడు. ఒక నిమిషం పాటు ఆ కుటుంబానికి నమ్ముకోవడానికి ఏమీ లేకుండా పోయింది. పగవాడికి కూడా అలాంటి కష్టం రాకూడదు.

జిగురు బురదతోనే పరిగెత్తుకొచ్చి అమ్మను వాటేసుకుంది. "చూశావా అమ్మా?"

"అన్నీ చూశానే. ఆఖరిది మాత్రం... భయమేసి కళ్ళు మూసుకున్నాను."

పెదనాన్న మొహం వెలిగిపోయింది. "అదీ సంగతి! మరదలు రావడంలో తప్పు లేదురా తమ్ముడూ, చూడటంలోనే ఉంది! ఇన్నాళ్ళూ అనవసరంగా ఇంట్లో కూర్చోబెట్టాం. చాలా అన్యాయం చేశాం" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన మనసు అంత మెత్తన.

ఆ విధంగా అమ్మకు న్యాయం జరిగింది. ఇప్పుడు ప్రతి మ్యాచ్‌కూ అమ్మకు ముందు వరసలో మధ్య కుర్చీ. కళ్ళకు నల్లగుడ్డ గంత. తన చేత్తో తానే కుట్టుకుంది, అస్తరు కూడా వేసింది. జట్టు మళ్ళీ గెలిచింది. అది చూసి మిగతా ఆటగత్తెల అమ్మలూ గంతలు కుట్టించుకున్నారు. క్లబ్బు ఆ వరసకు మాతృమూర్తుల వరస అని పేరు పెట్టి, ఎండ తగలకుండా పైన రేకులు వేయించింది. ఆ తరువాత అవతలి జట్ల అమ్మలు కూడా గంతలు కట్టుకురావడంతో ఒక ఇబ్బంది వచ్చిపడింది. రెండు వైపులా బలం సమానమైపోయి, ఫలితం మళ్ళీ ఆటగాళ్ళ మీద ఆధారపడటం మొదలైంది.

ఇంటికొచ్చాక జిగురు అడిగేది. "ఎలా ఆడానమ్మా?"

"చాలా బాగా ఆడావటే. అందరూ అంటున్నారు" అనేది అమ్మ.

అన్ని పట్టణాల జట్లూ తలపడే పెద్ద కప్పు ఫైనల్ వచ్చింది. జిగురు ఇక లాభం లేదనుకుంది. మ్యాచ్ మొదలవడానికి ముందు అందరూ చూస్తుండగా ముందు వరసకు వచ్చింది. "అమ్మా, ఇవాళ తీసెయ్."

పెదనాన్న కుర్చీలోంచి లేవబోయి, కాలు గుర్తొచ్చి ఆగిపోయాడు. అమ్మ అదే మాటకోసం ఎదురుచూస్తున్నట్టు మొహం పైకెత్తింది. "నువ్వు తియ్యవే. ఎవరేమన్నా సరే, నువ్వు తీస్తే నేను చూస్తాను."

జిగురు ముడి మీద చెయ్యి వేసింది. వెనక మైదానంలో అవతలి జట్టు పొడుగుపిల్ల బంతిని తంతోంది. తన్నిన ప్రతిసారీ వల అదిరిపోతోంది. జిగురు తిరిగి చూసింది. ఇంకొకటి తన్నింది, అదీ మూలకే పోయింది.

జిగురు ముడిని గట్టిగా బిగించింది. చెవుల పక్కనుంచి వెలుగు రాకుండా గుడ్డ సర్దింది.

"ఏమయిందే?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా. వదులైంది" అని చెప్పి జిగురు మైదానంలోకి పరిగెత్తింది.

మీకు నవ్వొస్తోంది కదూ? నవ్వండి, తప్పులేదు. కాకపోతే మీ జట్టు ఆడుతున్నప్పుడు టీవీ ముందు ఏ మూల కూర్చుంటారో ఆ మూలనే కూర్చుని నవ్వండి. మధ్యలో లేచారో, ఓడితే ఆ పాపం మీదే.