గుర్వయ్య బర్రెల బగారన్నం కేసు

"హాలియాలో నేరం చెయ్యాలనుకునేటోడు ముందుగాల నా మొహం యాది చేసుకోవాలె!"

తన సెల్ రిపేరు షాపులో కూర్చుని పరమేష్ ఈ ప్రకటన చేసినప్పుడు విన్నది ఫంక్షన్ హాలు ఓనరు గుర్వయ్య ఒక్కడే. డిటెక్టివ్‌గా పరమేష్ ఇంతవరకు పట్టుకున్నది ఒకే ఒక్క దొంగను. అదీ పొరపాటున, సొంత బామ్మర్దిని.

"జర నా మాట విను," అన్నాడు గుర్వయ్య. "మూడు పెండ్లిళ్ల సంది మిగిలిన బగారన్నం మాయమైతాంది. అది నా బర్రెలకు పోవాలె."

పరమేష్ కళ్లు చిన్నవి చేశాడు. "దీని వెనుక అంతర్జాతీయ ముఠా ఉన్నది."

"బగారన్నానికా?"

"అన్నంతోనే షురూ చేస్తరన్నా."

మరునాడు పెళ్లి భోజనాలు ముగిసే వేళకు పరమేష్ తలకు ఇంత లావు కట్టు కట్టుకుని, రోగి వేషంలో, దవాఖానకు ఎదురుగా ఉన్న హాలు వెనక గేటు దగ్గర కాపు కాశాడు. గోపమ్మ అనే ఆవిడ ఆటోలో వచ్చింది. లోపలి నుంచి ఒక గాజుల చెయ్యి అన్నం ఉన్న పెద్ద గుండిగను బయటికి జరిపింది. గోపమ్మ పిడికెడు అన్నం తిని, గడియారం చూసుకుంటూ అరగంట కూర్చుంది. తన కడుపులో పడి బాగుంటేనే పదిమందికి పెట్టడం ఆమె పద్ధతి.

"విషప్రయోగం!" అని గొణిగి పరమేష్ ఆటో వెంట పరుగెత్తాడు.

ఆటో ఆ ఎదురు దవాఖానలోకే వెళ్లింది. రోగులకు తోడుగా వచ్చినవాళ్లు ముప్ఫై మంది పళ్లేలు పట్టుకుని కూర్చున్నారు. పొద్దుటి నుంచి వాళ్ల కడుపులో చాయ్ తప్ప ఏమీ పడలేదు. పరమేష్ ఎగిరి గుండిగ మూత మీద కూర్చున్నాడు. అన్నం ఇంకా వేడిగానే ఉండడంతో కుదురుగా మాత్రం కూర్చోలేకపోయాడు.

"లే బిడ్డా," అంది గోపమ్మ. "గీ ఎండకు ఇంకో గడియైతే పాశిపోతది. గీళ్లంత ఉపాసముంటరు."

"కదలకు! మీ నాయకురాలి పేరు దొరికింది." వంగి గుండిగ అంచు మీద చెక్కిన అక్షరాలు చదివాడు. "నాగులమ్మ! ఎంత పొగరు! దొంగసొత్తు మీదనే పేరు కొట్టించుకున్నది!"

"పాపం, తలకు గట్టిగనే తాకినట్టున్నది," అంది గోపమ్మ పక్కవాళ్లతో.

పరమేష్ చేసిన ఫోన్ అందుకుని గుర్వయ్య ఉరుక్కుంటూ వచ్చాడు.

"ఆ నాగులమ్మ ఏడున్నా ఈడ్చుకొస్తనన్నా!"

"ఏడికెళ్లి తెస్తవ్‌రా? ఆమె మా అత్త. సచ్చిపోయి ఐదేండ్లాయె. మా పెండ్లికి పెట్టిన గుండిగ ఇది. మా ఇంట్ల అటక మీదుండాలె గదా!"

ఆ అటక మీది సామాను ఎవరు దించుతారో గుర్వయ్యకు అప్పుడే వెలిగింది. వెంటనే భార్య మల్లీశ్వరికి ఫోన్ కలిపాడు. ఆమె గొంతు అందరికీ వినిపించింది.

"అవు, నేనే ఇస్తున్న. బర్రెలకు గడ్డి ఉన్నది. ఆడ కూసున్నోళ్లకు ఏమున్నదో నువ్వే చూసి చెప్పు."

గుర్వయ్య చూశాడు. ముందు వరుసలో ఒక ముసలమ్మ ఖాళీ పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఆయన వైపే చూస్తోంది. ఆయనకు నిజంగానే సిగ్గేసింది.

"లెవ్వురా," అన్నాడు.

పరమేష్ హాయిగా లేచాడు. "చూసినవా అన్నా, ఒక్క పూటల కేసు తేల్చిన!"

గుర్వయ్య వినిపించుకోలేదు. గరిటె తీసుకుని తానే వడ్డించాడు. చివరికి అడుగు గీకి ముసలమ్మ పళ్లెంలో వేశాడు.

"సాలిందా అవ్వా?"

"సాలలేదు బిడ్డా," అంది ఆమె మొహమాటం లేకుండా.

గుర్వయ్య మళ్లీ ఫోన్ తీశాడు. "మల్లీశ్వరీ, ఇంకో గుండిగ గిట్ల మిగిలిందా?"

"ఉన్నది. బర్రెలకని పక్కకు పెట్టిన."

"అది గూడ పంపు. బర్రెలకు నేను చెప్పుకుంట తియ్."